బొమ్మ పోయినా మాట పోరాదు

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు ఊరకే అనలేదు. ఆ మాటకు అర్థం నాకు అరవై దాటిన తరువాత, అదీ నలుగురిలో తలవంచుకొన్న తరువాత తెలిసింది.

రెండేళ్ళ క్రిందట ఉగాదినాడు మా తెలుగు సంఘం హాలులో జరిగిన సంగతి ఇది. ఆ ఏడు పంచాంగ శ్రవణానికి మా ఊళ్ళో సిద్ధాంతిగారు దొరకలేదు. గోదావరి తీరాన ఉన్న ఒక సిద్ధాంతిగారు తమ ఇంటినుంచే ఇంటర్నెట్టు ద్వారా పంచాంగం చదివి వినిపిస్తామని అంగీకరించారు. ఏర్పాట్ల బాధ్యత నాది. ప్రొజెక్టరు తెచ్చాను. పెద్ద తెర కట్టించాను. బొమ్మ అద్దంలో చూసినట్లు కనబడేదాకా ముందురోజు రాత్రి పొద్దుపోయేవరకు సరిచేస్తూ కూర్చున్నాను. మాట సంగతి ఆలోచించనే లేదు. బొమ్మ వస్తే దానితోపాటు మాట రాదా అనుకొన్నాను.

మరునాడు హాలు నిండింది. ఉగాది పచ్చడి పంచిపెట్టడం అయింది. రాజపూజ్యావమానాలు మొదలయ్యే సమయానికి తెరమీద సిద్ధాంతిగారు నోరు తెరచినవారు తెరచినట్లే నిలిచిపోయారు. మాట ముక్కలు ముక్కలై ఆగిపోయింది. నేనూ, ఇద్దరు కుర్రవాళ్ళూ కంప్యూటరు మీద పడి ఇరవై నిమిషాలు కుస్తీపట్టాము. మా ప్రయత్నమంతా బొమ్మను కదిలించడానికే. ముందువరుసలో కూర్చున్న ఎనభై దాటిన మామ్మగారు ఒకరు నన్ను దగ్గరకు పిలిచారు. “నాయనా, ఆయన మొహం చూసి నేనేం చేస్తాను? నాకెటూ చూపు ఆనదు. ఆయన మాట వినిపించు, చాలు” అన్నారు.

నా జేబులో ఫోనున్నది. అందులో సిద్ధాంతిగారి నంబరున్నది. ఆయనను ఫోనులో పిలిచి, ఆ ఫోనును మైకు దగ్గర పెట్టినా సగం పని జరిగేది. ఆ ఆలోచన నాకు ఇంటికి వెళ్ళి విస్తరిముందు కూర్చున్న తరువాత వచ్చింది. అప్పటికి జనం లేచిపోయారు. మామ్మగారు కూడా మనుమడి చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయారు.

ఈ గొడవంతా అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో ఉద్యోగం చేసుకొంటున్న మా మేనల్లుడితో చెప్పుకొన్నాను. వాడు నవ్వి, “మావయ్యా, ఇక్కడివాళ్ళకు ఇది బాగా అలవాటైన చిక్కు. మా పక్కింటాయన వాళ్ళ ప్రార్థనాగృహంలో చేసే పనే ఇది. అడిగి చెబుతాను ఉండు” అన్నాడు. వాడు అడిగాడు. అడగడమే కాదు, ఆయన వెంట రెండు సాయంత్రాలు వెళ్ళి స్వయంగా చూసివచ్చాడు. వాడు చెప్పినదీ, దానిని పట్టుకొని నేను చదివి తెలుసుకొన్నదీ మన కుటుంబాలకు పనికివస్తుందనిపించి ఇక్కడ వ్రాస్తున్నాను.

ఎవరు వారు?

ఆ పక్కింటాయన చెందిన సంఘం పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. లోకంలో చాలామంది వారిని మార్మన్లు అనేవారు. సంఘంవారు ఇప్పుడు తమ పూర్తి పేరే వాడవలసిందని కోరుతున్నారు. వారి ముఖ్యస్థానం సాల్ట్ లేక్ సిటీ. ఏటేటా ఏప్రిల్, అక్టోబరు నెలల మొదటి శని ఆదివారాలలో అక్కడ పెద్ద సభ జరుగుతుంది. దానిని తెలుగులో వారు సర్వసభ్య సమావేశము అంటారు. ఆ రెండు రోజులూ సంఘం పెద్దలు చేసే ప్రసంగాలు దేశదేశాలకు ప్రసారమవుతాయి. చాలామంది ఇళ్ళలోనే చూస్తారు. ఇంట్లో సరైన సౌకర్యం లేనివారు, ఒంటరివారు, నలుగురితో కలిసి వినాలని కోరేవారు తమ పేటలో ఉన్న సమావేశ గృహానికి వస్తారు. అనేక పేటల సంఘాలు కలిస్తే ఒక స్టేకు. స్టేకు సభలు, ఇతర సభలు కూడా ఒక గృహం నుంచి ఇంకొక గృహానికి ప్రసారం కావడం మామూలు.

ఈ గృహాలలో ధ్వని ఏర్పాట్లు చూసేవారు జీతగాళ్ళు కారు. మన సంఘాలలో వలెనే, పగలు వేరే ఉద్యోగం చేసుకొని, సాయంత్రం వచ్చి వైర్లు చుట్టే మనుష్యులు. కాబట్టి వారి కష్టసుఖాలు మనకు సులభంగా అర్థమవుతాయి.

నిన్నటి రాజమార్గం

మాటను దూరానికి చేర్చడమనే పని ఈ సంఘంవారికి నేటిది కాదు. 1863లో మొదలుపెట్టి 1867కు వారు సాల్ట్ లేక్ సిటీలో టాబర్నకిల్ అనే పెద్ద సభామందిరం కట్టుకొన్నారు. పొడవు 250 అడుగులు, వెడల్పు 150 అడుగులు. తాబేటి చిప్పవంటి పైకప్పు. లోపల స్తంభాలు అడ్డులేవు. అప్పటికి మైకులు లేవు. వక్త గొంతే ఆధారం. మొదట్లో ధ్వని అంత స్పష్టంగా వినిపించేది కాదు. 1870లో లోపల చుట్టూ మేడవరుస కట్టిన తరువాత కుదుటపడింది. ఈ రోజు అక్కడ వేదిక మీద గుండుసూది జారవిడిచి, ఆ చప్పుడు అవతలి చివర వినిపిస్తున్నదని చూడవచ్చినవారికి చూపిస్తారు.

1924 అక్టోబరులో ఆ సమావేశం మొదటిసారి రేడియోలో ప్రసారమయింది. 1929 జూలై 15న టాబర్నకిల్ గాయక బృందం పాటలు అమెరికా అంతటికీ వినిపించే ప్రసారం ప్రారంభమయింది. ఆనాటి ముచ్చట వినదగినది. ఆ స్టేషనువారికి ఉన్న మైకు ఒక్కటే. దానిని పాడేవారి కోసం పైనుంచి వేలాడదీశారు. మరి పాటపేరు చెప్పేదెట్లా? టెడ్ కింబాల్ అనే యువకుడు ఎత్తయిన నిచ్చెన ఎక్కి, మైకుకు నోరు అందేటట్లు నిలబడి పాటపాటకూ పరిచయం చెప్పాడు. ఒకే మైకు, ఒకే తీగ. అది తెగితే రెండవది లేదు. ఆ ప్రసారం నేటికీ వారం వారం సాగుతూనే ఉన్నది. కాని నిచ్చెన మీద మనిషిని నిలబెట్టవలసిన అవసరం ఇప్పుడు లేదు.

మన కథకు ముఖ్యమైన సంవత్సరం 1952. ఆ ఏడు ఏప్రిల్‌లో జరిగిన పురుషుల ప్రత్యేక సభను టాబర్నకిల్ నుంచి నేరుగా తీగల మీద బయటి సమావేశ గృహాలకు పంపించారు. బొమ్మ లేదు. మాట మాత్రమే. జనం బల్లలమీద కూర్చొని, ఎదురుగా ఎవరూ లేని వేదికను చూస్తూ, లౌడ్‌స్పీకరులో వచ్చే మాట విని లేచిపోయేవారు. అట్లా ఏళ్ళతరబడి విన్నారు. బొమ్మ లేదని ఎవరూ సభను మానలేదు.

తరువాత బొమ్మల కాలం వచ్చింది. 1949లోనే సమావేశం టెలివిజనులోకి ఎక్కింది. 1980 ఏప్రిల్ 6న, సంఘం పుట్టి నూట యాభై ఏళ్ళయిన సందర్భంలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఫెయెట్ అనే పల్లెనూ టాబర్నకిల్‌నూ ఉపగ్రహంతో కలిపారు. 1981లో స్టేకు కేంద్రాలకు అయిదువందల ఉపగ్రహ డిష్‌లు పెట్టించబోతున్నట్లు ప్రకటించారు. 2000 ఏప్రిల్ నుంచి సమావేశాలు ఇరవై ఒక్క వేలమంది పట్టే కొత్త భవనంలో జరుగుతున్నాయి. 2020 ఏప్రిల్‌లో కరోనా కారణంగా ఆ భవనం ఖాళీగా ఉండగా, శ్రోతలు ఎదురుగా లేకుండానే సమావేశం మొత్తం ప్రసారం మీద నడిచింది. ఇప్పుడు ముఖ్యమైన దారి ఇంటర్నెట్టు.

ఇందులో నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటున్నది. 1952లో టెలిఫోను తీగే రాజమార్గం. ఈ రోజు అదే టెలిఫోను ఆపద వేళకు దాచుకొన్న కాలిబాట. ఇంటిలోకి విద్యుద్దీపం వచ్చినా దేవుని గూటిలో ప్రమిద తీసివేయనట్లు, కొత్తదారి వచ్చినంత మాత్రాన పాతదారిని పూడ్చివేయకుండా ఉంచుకోవడమే తెలివి.

మాట తేలిక, బొమ్మ బరువు

ప్రసారం ఆగినప్పుడు ముందుగా మాటనే కాపాడుకోవాలనడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది మామ్మగారు చెప్పనే చెప్పారు. బొమ్మ పోతే సభ గుడ్డిదవుతుంది గాని నడుస్తుంది. మాట పోతే ఎంత అందమైన బొమ్మయినా మూగబొమ్మే. కళ్ళు మూసుకొని హరికథ వినవచ్చును. చెవులు మూసుకొని చూడలేము.

రెండవ కారణం లెక్కకు సంబంధించినది. పెద్ద తెరకు తగిన స్పష్టమైన బొమ్మ ఇంటర్నెట్టులో రావాలంటే సెకనుకు సుమారు నాలుగువేల కిలోబిట్ల సమాచారం ప్రవహించాలి. మంచి ధ్వనికి నూట ఇరవై ఎనిమిది కిలోబిట్లు చాలును. పాత టెలిఫోను మాటకు అరవై నాలుగే. అనగా మాట బరువు బొమ్మ బరువులో ముప్పయ్యవ వంతు. ఏటిలో నీరు తగ్గి పెద్ద పడవ ఇసుకలో దిగబడినా చిన్న దోనె సాగిపోతుంది. బొమ్మతో కలిపి పంపినందువల్లనే మాట కూడా దిగబడుతుంది. దానిని విడిగా ఎక్కిస్తే ఒడ్డు చేరుతుంది. మా హాలులో ఆ రోజు జరగవలసినది ఇదే. నేను పెద్ద పడవను తోస్తూ కూర్చున్నాను.

రెండవ దారి ఎట్లా ఉండాలి?

బుర్రకథ చూసినవారికి ఈ ఏర్పాటు వేరే చెప్పనక్కరలేదు. కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. కథకుడు ఊపిరి తీసుకొనే క్షణంలో వారు పాట అందుకొంటారు. కథ తెగదు. అయితే ఆ వంతలు ఎక్కడినుంచో పిలిస్తే వచ్చేవారు కారు. మొదటినుంచీ వేదిక మీదనే, గుమ్మెట చేతపట్టుకొని, శ్రుతి కలుపుకొని నిలబడి ఉంటారు. రెండవ ధ్వని కూడా అట్లాగే ఉండాలి. కప్‌బోర్డులో ఉన్న ఫోను వంత కాదు. వేదిక ఎక్కి నిలబడ్డ ఫోనే వంత.

మా మేనల్లుడు చూసివచ్చిన పద్ధతి ఇది. సమావేశ గృహంలో ముఖ్య ప్రసారం ఇంటర్నెట్టు తీగ ద్వారా ఒక లాప్‌టాప్‌లోకి వస్తుంది. దాని బొమ్మ ప్రొజెక్టరుకు, ధ్వని మిక్సరుకు వెళతాయి. మిక్సరులో మొదటి మీట దానిది. రెండవ మీటకు ఒక సెల్‌ఫోను తగిలించి ఉంటుంది. ఆ ఫోనులో అదే సభ ధ్వని మాత్రమే, సెల్ కంపెనీ సంకేతం మీద, నడుస్తూ ఉంటుంది. దాని మీట కిందికి దించి ఉంటుంది. అందుచేత జనానికి వినబడదు. మనిషి మాత్రం చెవిలో గొట్టం పెట్టుకొని అయిదు నిమిషాలకొకసారి అది బ్రతికున్నదా లేదా వింటాడు. మొదటిది ఆగిన క్షణంలో ఒక మీట దించి ఒక మీట ఎత్తడమే పని. వైరు పీకనక్కరలేదు, గుచ్చనక్కరలేదు. మూడవ దారిగా, సభ జరుగుతున్న చోట ఉన్న మనిషి ఒకరికి మామూలు ఫోను కాల్ చేయడానికి నంబరు వ్రాసి పెట్టుకొంటారు.

వినడానికి సులువుగానే ఉన్నది. కాని ఇందులో నాలుగైదు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది, రెండు దారులూ నిజంగా రెండేనా అని చూసుకోవడం. ఆ సెల్‌ఫోను గృహంలోని వై-ఫై మీద నడుస్తూ ఉంటే ముఖ్య తీగ తెగినప్పుడు అదీ చస్తుంది. బావి రెండు చేదలతో తోడినా బావి ఒక్కటే. కాబట్టి ఆ ఫోనులో వై-ఫై ఆపివేసి ఉంచుతారు. కరెంటు సంగతి కూడా అంతే. ఫోనులో బ్యాటరీ ఉన్నది సరే, యాంప్లిఫయరులో లేదు. కరెంటు పోతే ఎంత మంచి ఫోనున్నా జనానికి వినబడదు. అందుకని బ్యాటరీతో నడిచే స్పీకరు ఒకటి నిండా ఛార్జి చేసి మూలన ఉంచుతారు.

రెండవది, ధ్వని పాళ్ళు. మైకునుంచి వచ్చే సంకేతం వోల్టులో వెయ్యవవంతులు కొన్ని మాత్రమే. లాప్‌టాప్ నుంచి, ఫోను నుంచి వచ్చేది దానికి వందరెట్లుండవచ్చు. మైకు గుచ్చే రంధ్రంలో దానిని తిన్నగా గుచ్చితే మాట పగిలి గరగరమంటుంది. పైగా కంప్యూటరు ఒక గోడ ప్లగ్గులో, యాంప్లిఫయరు ఇంకొక గోడ ప్లగ్గులో ఉంటే రెండింటి ఎర్తుల నడుమ తేడా వచ్చి గుయ్యిమనే రొద పుడుతుంది. ఆ దేశంలో అది సెకనుకు అరవై కంపనల రొద, మన దేశంలో యాభై. ఈ రెండు జబ్బులకూ ఒకే మందు. మైకుసెట్టు వాళ్ళు డి.ఐ. బాక్సు అనే చిన్న పెట్టె. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న రకం కావాలి. అది సంకేతాన్ని తగ్గించి, రెండు పరికరాల మధ్య విద్యుత్తును విడదీసి, మాటను మాత్రం దాటిస్తుంది.

మూడవది, కాలభేదం. ఇంటర్నెట్టులో వచ్చే బొమ్మ అసలు సభకంటె ఇరవై, ముప్పయి సెకన్లు వెనుక నడవడం మామూలు. టెలిఫోను మాట దాదాపు వెంటనే వస్తుంది. బొమ్మ తిరిగి కదలడం మొదలుపెట్టినప్పుడు ఫోను ధ్వనిని దానితో కలిపితే పెదవులు ఒకటి పలుకుతాయి, చెవికి ఇంకొకటి వినిపిస్తుంది. జనం నవ్వుకొంటారు, లేదా విసుక్కొంటారు. కాబట్టి రెండవ ధ్వనికి మారిన వెంటనే కదిలే బొమ్మను తీసివేసి, వక్త ఛాయాచిత్రమో, సభ పేరో తెరమీద నిలుపుతారు. మొదటి దారి బాగుపడినా సరే, ప్రసంగం మధ్యలో తిరిగి మార్చరు. ఆ ప్రసంగం ముగిసేదాకా ఆగుతారు. సగం వాక్యం రెండుసార్లు వినడం కంటె బొమ్మ లేకుండా పది నిమిషాలు వినడం మేలు.

నాలుగవది, పాట. టెలిఫోను మాటకోసం పుట్టినది. పాత తీగలమీద సెకనుకు 300 కంపనల దిగువనున్న గంభీరధ్వనీ, 3400కు పైనున్న సన్నని ధ్వనీ రావు. మాట అర్థం కావడానికి అంతమాత్రం చాలు. గాయక బృందం పాడితే మాత్రం రేకుడబ్బాలో పాడినట్లుంటుంది. ఇప్పటి సెల్‌ఫోనులు ఇంకొక అడుగు వేసి, మాట కానిదంతా చప్పుడని ఎంచి అణచివేయ చూస్తాయి. పాట లేస్తూ పడుతూ వస్తుంది. అటువంటి సమయంలో పాటను ఫోనులో పెట్టడానికి తాపత్రయపడకుండా, ధ్వని తగ్గించి, అక్కడున్న జనాన్నే పుస్తకం చూసి పాడమంటే సరిపోతుంది. వారి పాట వారిదే కదా.

అయిదవది, తీగ లేని సౌకర్యాల మీద నమ్మకం. బ్లూటూత్ తో కలిపిన స్పీకరుకు ఇంకొకరి ఫోను వచ్చి తగులుకొనే ప్రమాదమున్నది. ప్రార్థన మధ్యలో ఎవరిదో సినిమా పాట మొదలైతే దానిని తిరిగి లోపలికి తోయలేము. తీగకు ఆ పేచీ లేదు. అట్లాగే ఆ ఫోనుకు వచ్చే ఇతర కాల్స్, సందేశాల చప్పుళ్ళు ముందే ఆపివేయాలి.

కాగితం, మనిషి, సాధన

యంత్రాల సంగతి ఇంతటితో సరి. ఆ పక్కింటాయన మా మేనల్లుడితో ఎక్కువసేపు మాట్లాడినది యంత్రాల గురించి కాదట, మనుష్యుల గురించి.

ధ్వని ఆగినప్పుడు నలుగురు పరుగెత్తుకొని వస్తారు. నలుగురూ నాలుగు మీటలు తిప్పుతారు. దానితో బాగున్నది కూడా పాడవుతుంది. కాబట్టి మీట ముట్టుకొనే మనిషి ఒక్కడే అని ముందే నిర్ణయిస్తారు. అతడికి జ్వరం వస్తే చేయవలసిన రెండవ మనిషి పేరు కూడా వ్రాసి ఉంటుంది. చేయవలసిన పనులను ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో వరుసగా వ్రాసి మిక్సరు పెట్టె మూతకు అంటిస్తారు. ఆ కాగితం తెలిసినవాడికోసం కాదు. కంగారులో తెలిసినవాడు కూడా తెలియనివాడవుతాడు.

ఇంకొకటి, సాధన. ముందురోజు, అదే సమయానికి, అదే గదిలో, అవే తీగలతో ప్రసారం తెరిచి, ముఖ్య ఇంటర్నెట్టు తీగను కావాలనే పీకివేస్తారు. గడియారం చూస్తారు. మాట తిరిగి వినిపించడానికి ఎంతసేపు పట్టిందో వ్రాసుకొంటారు. మా మేనల్లుడు చూసిన సాయంత్రం మొదటిసారి రెండు నిమిషాలు పట్టింది. మూడవసారి పది సెకన్లు పట్టలేదు. పీకి చూడని రెండవ దారి ఉన్నదని చెప్పుకోవడమే గాని, ఉన్నట్లు కాదు. దాహం వేసినప్పుడు బావి త్రవ్వినట్లు సభ మధ్యలో తీగలు వెతకరాదు.

చిన్నగదిలో వారి మాట

ఇక్కడ నా మనసును పట్టుకొన్న విషయానికి వస్తాను. ఆ సమావేశ గృహంలో పెద్ద హాలు పక్కన ఒక చిన్నగది ఉన్నది. పెద్ద హాలులో ఇంగ్లీషు. ఆ చిన్నగదిలో పదిహేను ఇరవైమంది వేరే భాషవారు కూర్చొని తమ భాషలో అదే సభ వింటారు. యూటా రాష్ట్రంలో స్పానిష్ మాట్లాడేవారు, పసిఫిక్ ద్వీపాలనుంచి వచ్చిన టోంగా, సమోవా ప్రజలు చాలామంది స్థిరపడ్డారు. 1960ల తొలి సంవత్సరాలలో కొద్ది భాషలతో మొదలైన ఈ సమావేశపు అనువాదాలు నేడు తొంభైకి పైబడిన భాషలలోకి సాగుతున్నాయి.

పెద్ద హాలుకు రెండవ దారి వేసినవాడు చాలాసార్లు చిన్నగదిని మరచిపోవచ్చును. ఇంటర్నెట్టు ఆగినప్పుడు పెద్ద హాలులో పది సెకన్లలో మాట తిరిగి వస్తుంది. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకొంటారు. చిన్నగదిలో మౌనం అట్లాగే ఉంటుంది. అక్కడివారు వచ్చి అడగరు. తక్కువమంది కదా, పరభాష కదా, వచ్చి అడగడానికి సంకోచం. ఎవరైనా చూసి, “హాలులోకి వచ్చి కూర్చోండి, అక్కడ వినిపిస్తున్నది” అంటారు. వినిపిస్తుంది నిజమే. అర్థం కాదు.

ఆ పక్కింటాయన అందుకని చిన్నగదికి వేరే ఫోను, వేరే చిన్న స్పీకరు పెట్టి, అందులో ఆ భాష ధ్వనినే ఎంచుకొని ఉంచుతాడు. సాధన చేసే రోజున ముందుగా ఆ గది చూసిన తరువాతనే హాలులోకి వస్తాడు. ఆ గదికి కూడా మీట ముట్టే మనిషిని ఒకరిని, ఆ భాష తెలిసినవారిని, నియమిస్తాడు. భాష తెలియనివాడు మాట ఆగినదో, వక్త ఊపిరి తీసుకొంటున్నాడో, పొరపాటున ఇంకొక భాష వస్తున్నదో పోల్చుకోలేడు కదా!

ఈ సంగతి వింటున్నప్పుడు నాకు మనవాళ్ళే గుర్తుకు వచ్చారు. తరతరాలుగా కన్నడసీమలో, తమిళనాట, ఒరిస్సాలో, మహారాష్ట్రలో ఉంటున్న మనం ఆ చిన్నగదిలోని వారమే. పెద్ద హాలులో ఏం జరుగుతున్నదో మనకు అర్థమవుతూనే ఉంటుంది. ఆ భాషలూ మనకు వచ్చును, వాటిని గౌరవిస్తాము. కాని ఒక మామ్మగారు మనసు విప్పి వినేది తెలుగులోనే. ఆ గదిలో మాట ఆగిపోతే మనమే లేచి సరిచేసుకోవాలి. పెద్ద హాలువారికి అది వినబడదు.

ఈ సంఘానికి తెలుగు శ్రోతలు కూడా ఉన్నారు. భారతదేశంలో వారి మొదటి స్టేకు 2012లో హైదరాబాదులో ఏర్పడింది. బెంగుళూరులో దేవాలయం కట్టనున్నట్లు 2018లో ప్రకటించి 2020లో పని ప్రారంభించారు. సమావేశపు ప్రసంగాలు తెలుగులో కూడా దొరుకుతాయి. సాల్ట్ లేక్ సిటీలో శనివారం ఉదయం పదిగంటల సభ మనకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర. అక్కడ మధ్యాహ్నం రెండుగంటల సభ మనకు తెల్లవారితే ఆదివారం అనగా అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. పిల్లలతో, పెద్దలతో ఆ వేళ కూర్చొని వినడం కష్టం. ఇంత కాలభేదమున్న చోట రికార్డు చేసిన దానిని పగటివేళ వినిపించుకోవడమే సుఖం. ఆ పద్ధతిలో రెండవ దారి ఇంకా సులువు. ధ్వనిని ముందురోజే దింపుకొని ఒక లాప్‌టాప్‌లోనూ, ఒక ఫోనులోనూ దాచుకొంటే ఇంటర్నెట్టు ఊసే అక్కరలేదు. అయితే దింపుకొన్నది మన భాషదేనా, మొదటినుంచి చివరిదాకా ఉన్నదా అని విని చూసుకోవాలి. పేరు చూసి సరిపెట్టుకోరాదు.

మన హాలులో

కిందటి ఉగాదికి సిద్ధాంతిగారే మళ్ళీ చదువుతామన్నారు. ఈసారి తెరకట్టే పని కుర్రవాళ్ళకు వదిలిపెట్టి, నేను మాటను పట్టుకొన్నాను. డి.ఐ. బాక్సు ఒకటి కొన్నాము. మిక్సరు రెండవ మీటకు నా పాత ఫోను తీగతో తగిలించాను. సభ మొదలుకాకముందే అందులోనుంచి సిద్ధాంతిగారి ఇంట్లో ఉన్న ఇంకొక ఫోనుకు కాల్ కలిపి, మీట దించి ఉంచాము. ఆయన బల్లమీద ఆ ఫోను ఎక్కడ పెట్టాలో కూడా ముందురోజు సాధన చేశాము. కాగితం వ్రాసి అంటించాను. ముందురోజు సాయంత్రం నేనే తీగ పీకాను. మొదటిసారి ఫోను పాస్‌వర్డు మరచిపోయాను! రెండవసారి ఛార్జరు తగిలించి ఉన్నందువల్ల రొద వచ్చింది. ఛార్జరు తీస్తే పోయింది. ఆ రెండు తప్పులూ ముందురోజే జరిగిపోవడం మా అదృష్టం.

పండుగనాడు బొమ్మ రెండుసార్లు నిలిచింది. రెండుసార్లూ మాట సాగింది. సిద్ధాంతిగారి బొమ్మ బదులు తెరమీద మామిడాకుల తోరణం బొమ్మ నిలిపాము. హాలులో సగం మందికి ఏమి జరిగిందో తెలియనే లేదు.

మామ్మగారు కిందటి ఉగాదికి రాలేకపోయారు. మోకాళ్ళు సహకరించడం లేదన్నారు. మిక్సరు మూడవ మీట ఖాళీగా ఉన్నది. ఈసారి ఉగాదికి దానినుంచి వారి ఇంటికి ఒక కాల్ వెళ్ళేటట్లు ఏర్పాటు చేయాలని అనుకొంటున్నాము. వారికి బొమ్మ అక్కరలేదు. ఆ సంగతి ఆమె ముందే చెప్పారు.